ఊడ్చినోళ్లదే చెట్టు

సిరొంచ వెళ్లొచ్చానని చెబితే మా తణుకులో అందరిదీ ఒకటే ప్రశ్న, అదెక్కడుందని. పక్కింటి మంగతాయారు గారైతే శ్రీకాకుళం వైపేమో అనుకుని, జీడిపప్పు తెచ్చావా అని అడిగారు. సిరొంచ మహారాష్ట్రలో ఉంది. గడ్చిరోలి జిల్లాకు చిట్టచివర, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేచోట, తెలంగాణకు ఎదురొడ్డున. ఊళ్లో బోర్డులన్నీ మరాఠీ, మాటలన్నీ తెలుగు. వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వెళ్లినవాళ్లు ఎలాగూ తప్పులు పడతారు గనక వాళ్లు చదవకపోయినా నాకు బాధ లేదు.

నేను ఒక ప్రైవేటు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా బడిలో ప్రాజెక్టు అంటే ఏమిటో చెబితే గానీ, ఎండాకాలం మొదట్లో పడుతూ లేస్తూ అంతదూరం ఎందుకు పోయానో మీకర్థం కాదు. మేం పిల్లలకు ప్రాజెక్టు ఇవ్వగానే తల్లిదండ్రులు స్టేషనరీ షాపు మీద పడతారు. అక్కడ థర్మోకోల్ గుండె, థర్మోకోల్ మూత్రపిండం, పొగలు కక్కే అగ్నిపర్వతం అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఒకే గుండె అన్నయ్య చదివినప్పుడొకసారి, తమ్ముడు చదివినప్పుడొకసారి నా బల్ల మీదికొచ్చింది. పిల్లలకు మార్కులు, షాపువాడికి బేరం, నాకు తలనొప్పి.

పోయినేడు హైదరాబాదులో సైన్సు టీచర్లం కొంతమంది కలిసినప్పుడు నేనిదే గోడు వెళ్లబోసుకుంటుంటే, పక్క కుర్చీలో ఆయన నవ్వి, "మా పిల్లల ప్రాజెక్టు చెట్టుకు గట్టి ఉంటది మేడం. ఇప్పపువ్వు రాలే దినాలల్ల రాండ్రి, చూద్దురు" అన్నారు. ఆయనే సమ్మయ్య సార్. సిరొంచలో ఒక సర్కారు హైస్కూల్లో తొమ్మిదో తరగతికి సైన్సు చెబుతారు. మాటవరసకు పిలిచారేమో తెలీదు. నేను మాత్రం వదల్లేదు. ఉగాది సెలవుకు మరో నాలుగు రోజులు కలుపుకుని బయల్దేరాను.

వంతెన దాటితే

కాళేశ్వరంలో బస్సు దిగి షేరింగ్ ఆటో ఎక్కాను. గోదావరి మాదేనన్న ధీమాతో పెరిగినదాన్ని నేను. వంతెన మీదికి రాగానే ఆ ధీమా కాస్త తగ్గింది. మా వైపు గోదావరి నిండు ముత్తైదువలా ఉంటుంది. ఇక్కడ ఎండల్లో ఇసుక తిన్నెల మధ్య పాయలు పాయలుగా, ఎవరి దారి వాళ్లదన్నట్టు పోతోంది. అయినా అందంగానే ఉంది, ఒప్పుకోవాలి.

ఆటో నడిపే అతను వంతెన అవతల నిలబడ్డ పోలీసుతో మరాఠీ మాట్లాడాడు. ఫోనులో ఎవరితోనో హిందీ మాట్లాడాడు. అడ్డంగా వచ్చిన మేకను మాత్రం శుద్ధమైన తెలుగులో తిట్టాడు. అప్పుడే అనుకున్నాను, ఇతని సొంత భాష ఏదో తేలిపోయిందని.

"ఆంధ్రకెళ్లి వచ్చిండ్రా మేడం? ఎవలింటికి?"

సమ్మయ్య సార్ పేరు చెప్పాను.

"ఓ, వల సారా! పోరలను ఏస్కొని చెట్లెంబడి తిరుగుతడు. గా సారేనా?"

అవునన్నాను. మనిషిని కలవకముందే ఆయన పరువు తెలిసిపోయింది.

బస్టాండు దగ్గర ఆ వల సార్ మోటారు సైకిలుతో ఎదురుచూస్తున్నారు. ముందు టిఫిను చెయ్యమని ఒక బండి దగ్గర ఆపారు. ఇరవై రూపాయలకు పళ్లెం నిండా అటుకులు. వాళ్లు పోహా అంటారు. దాని మీద ఎర్రటి శనగల పులుసు పోస్తారు, దాని పేరు తర్రీ. గుంటూరు కారం తిని పెరిగినవాళ్లకు ఇదొక లెక్కా అని ఇంకో గరిటె పోయించుకున్నాను. కళ్లల్లో, ముక్కులో, చెవుల్లో ఒకేసారి మంట పుట్టింది. బండి ఆవిడ చెంబుతో నీళ్లు పక్కన పెట్టింది. నాలాంటివాళ్లు ఆవిడకు అలవాటేనని అర్థమైంది.

సేటు నోట్లో ఇసుక

మధ్యాహ్నం సమ్మయ్య సార్ నన్ను గట్టయ్య సేటు దుకాణానికి తీసుకెళ్లారు. ఉప్పు, పప్పు, తాళ్లు, బకెట్లు అమ్మే కిరాణా దుకాణం. వెనక గదిలో చింతపండు, ఇప్పపువ్వు బస్తాలు. అడవి అంచు ఊళ్లవాళ్లు ఏరి ఎండబెట్టి తెస్తే ఈయన కొంటాడు. తాతల నాటి వ్యాపారం. పిల్లల ప్రాజెక్టులో ఈయనా భాగస్తుడే.

కూర్చోగానే రెండు గిన్నెల్లో ఎండు ఇప్పపువ్వు పెట్టాడు. చూడ్డానికి కిస్మిస్ లాగా ఉంది. "మేడం, మొదలు గీ గిన్నెలది నోట్లె ఏస్కోండ్రి."

వేసుకున్నాను. తియ్యగా ఉంది, కానీ పళ్ల కింద కరకరమంది.

"ఇసుక! నేల మీద ఏరినది గట్లనే ఉంటది. దాంట్ల ఇసుక, బూడిద, మేకల పెంటికలు... ఏంది ఉమ్ముతున్నరు? గిది తినుండ్రి. ఇది వలల పడ్డ పువ్వు."

రెండోది నిజంగానే బాగుంది. బూడిద ఎందుకొస్తుందో సమ్మయ్య సార్ చెప్పారు. ఇప్పపువ్వు తెల్లవారుజాము నుంచి ఎండెక్కేదాకా టపటపా రాలుతూనే ఉంటుంది. ఆకుల్లో పడితే కనబడదు గనక చెట్టు కింది ఎండుటాకులు ఊడ్చి, కుప్పచేసి తగలబెడతారు. ఆ మంట ఒక్కోసారి అడవిలోకి పాకుతుంది. అలా శుభ్రం చేసిన నేల మీద రాలిన పువ్వును ఒక్కొక్కటే వంగి ఏరాలి. పొద్దున్నించీ వంగిన నడుం వంగినట్టే.

ఆయన తొమ్మిదో తరగతి పిల్లలకు ఇచ్చిన పని చాలా చిన్నది. ఇంటికి, వీధికి, దుకాణానికి పోయి, రోజూ చేసే పనిలో మిమ్మల్ని బాధపెట్టేదేమిటని అడిగి రమ్మన్నారు. పల్లవి అనే అమ్మాయి తిరిగొచ్చి, "మా అవ్వ వంగలేకపోతున్నది, సర్" అని ఒక్క ముక్క చెప్పింది. చేపలు పట్టేవాళ్ల పిల్లాడొకడు, ఇంట్లో చినిగిన వలలు ఊరికే పడున్నాయన్నాడు. అంతే, ఆ వలలు చెట్టు కింద కట్టి, రాలే పువ్వును నేల తాకకుండా పట్టే పని మొదలైంది.

"నా తాన్కి గూడ వచ్చిండ్రు" అన్నాడు సేటు. "'సేటూ, నీకేం కష్టమున్నది' అని అడిగిండ్రు. నన్ను గట్ల అడిగినోడు ఇంతదాంక లేడు మేడం. ఇంట్ల మా ఆమె గూడ అడగలే. ఇసుక లేని పువ్వు దేండ్రి, ధర జర పెంచి ఇస్త అన్న. అన్న మాట అన్నట్టే ఉంటది."

నాకు ఒక అనుమానం ఉంది, అడిగేశాను. ఇప్పపువ్వంటే సారాకే కదా, బడిపిల్లలతో ఈ పని చేయించొచ్చా అని. సేటు నొచ్చుకున్నాడు. జిల్లాలో సారా బందేనని, ఈ పువ్వుతో లడ్డూలు చేస్తారని, కరువు రోజుల్లో ఇదే ఉడకబెట్టుకు తిని బతికారని పెద్ద ఉపన్యాసమిచ్చి, చివర్లో నా చేతికి ఒక లడ్డూ ఇచ్చి నోరు మూయించాడు. నువ్వులు, బెల్లం, ఇప్పపువ్వు. ఇంకోటి అడగడానికి మొహమాటపడ్డాను, ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఒకే ఇంట్లో రెండు పండగలు

మర్నాడు ఉగాది. సమ్మయ్య సార్ వాళ్లది ప్రాణహిత ఒడ్డున తరతరాలుగా వరి పండించే కుటుంబం. ఇంటి మీద మరాఠీవాళ్ల లాగా కర్రకు పట్టుగుడ్డ కట్టి, చెంబు బోర్లించి గుడీ నిలబెట్టారు. ఇంటి లోపల మాత్రం మన ఉగాది పచ్చడి. ఇదేమిటండీ అంటే, సార్ వాళ్లావిడ రాధక్క, "మీద మహారాష్ట్ర, కింద మనం" అని నవ్వేసింది.

మా వైపు పచ్చడిని చేతిలో ఇంత పెడితే నాకేస్తాం. ఇక్కడ కొత్తకుండలో పలచగా కలిపి గ్లాసులతో తాగుతారు. మామిడి, చింతపండు పులుసు, బెల్లం, వేపపువ్వు. ఎండన పడి వచ్చినవాళ్లకు అదే బాగుంది. మా బొబ్బట్లను వీళ్లు భక్ష్యాలంటారు. పక్కింటి మరాఠీవాళ్లు పురణ్ పోళీ అంటూ అవే పంపారు. ఏ పేరుతో పెట్టినా కాదనలేదు నేను.

భోజనాల దగ్గర సార్ పల్లవి సంగతి చెప్పారు. పాతగూడెం పోయే రోడ్డులో అడవి అంచున వాళ్ల ఊరు. ఊరి పేరు రాయొద్దన్నారు, ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది. తల్లిదండ్రులు మిరప కోతలకు తెలంగాణ వైపు వెళ్లారు, కోతలయ్యాక వస్తారు. ఇంట్లో పల్లవి, వాళ్ల అవ్వ పోషవ్వ. వాళ్లకొక పెద్ద ఇప్పచెట్టుంది. పోషవ్వ కొత్తకోడలిగా వచ్చిన ఏడు అత్త ఆమెకు అప్పగించిన చెట్టట. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి, వంగితే లేవలేదు. ఈ ఏడు ఆమె ఏరలేకపోతే చెట్టు చెయ్యి మారుతుంది. ఊరి కట్టుబాటు అది, చెట్లకు కాగితాలేం ఉండవు. "ఒక్కసారి చెయ్యి మారిందంటే మల్ల రాదు మేడం. గందుకే వల మొట్టమొదలు ఆమె చెట్టుకే గట్టినం" అన్నారు సార్.

గుండెను ఎవరికిచ్చారు?

పండగ మర్నాడు బడికి వెళ్లాం. ఎండలు గనక బడి పొద్దున్నే. తొమ్మిదో తరగతి పిల్లలు నా కోసం తయారుగా ఉన్నారు. నల్లబల్ల మీద మరాఠీలో రాస్తారు, సారుతో మరాఠీలో మాట్లాడతారు, ఒకరినొకరు గిల్లుకునేది తెలుగులో.

మొదటిసారి వల మోకాలెత్తున కట్టారట. పొద్దున పోయి చూస్తే ఊరి మేకలన్నీ పండగ చేసుకుంటున్నాయి. రెండోసారి నడుమెత్తుకు లేపి వెదురు గుంజలు పాతారు. వల కళ్లు పెద్దవైతే పువ్వు జారిపోతోంది. పిల్లలు నది ఒడ్డుకు పోయి చేపలు పట్టేవాళ్ల దగ్గర కూర్చుని, ఏ వల దేనికి పనికొస్తుందో అడిగి, చిన్న కళ్ల వలలు తెచ్చి, చిరుగులు కుట్టడం నేర్చుకున్నారు. నేల మీది పువ్వునూ వల పువ్వునూ కడిగి, అడుగున మిగిలిన ఇసుకను తూచారు. తూకమూ, వడపోతా, చెట్టు ఆకులు రాల్చే కాలమూ నేనూ చెబుతాను పాఠాల్లో. మా పిల్లలు వాటిని పరీక్షలో రాసి మర్చిపోతారు. గణేశ్ అని ఒక బక్కపల్చటి పిల్లాడు మాత్రం ఇసుక తూకం గురించి సొంత పొలం గురించి చెప్పినంత పట్టుదలగా చెప్పాడు.

చెప్పడం అయ్యాక అడగడం మొదలుపెట్టాడు. "మీ పోరలేం జేసిండ్రు మేడం?"

"గుండె చేశారు. థర్మోకోల్‌తో."

"మంచిగున్నది. మల్ల దాన్ని ఎవలికిచ్చిండ్రు?"

ఎవరికీ ఇవ్వలేదన్నాను. అంటే చేసి ఏం లాభమో వాడికర్థం కాక, మర్యాదకు తల ఊపి కూర్చున్నాడు.

నా మెచ్చుకోలు

బడి వదలగానే సార్, పల్లవి, గణేశ్, నేనూ జీపెక్కి వాళ్ల ఊరు వెళ్లాం. రోడ్డుకు రెండు పక్కలా ఆకు రాలిన చెట్లు, మధ్యమధ్య ఎర్రగా చిగుర్లు. దిగగానే ఒక వాసన, తియ్యగా, మత్తుగా, కాస్త పులిసినట్టు. మొదట ముక్కు చిట్లించాను గానీ ఊళ్లోకి చేరేసరికి ఇష్టం పుట్టింది.

పల్లవి ముందు పరుగెత్తింది. చెట్టు నిజంగా పెద్దదే. కింద నడుమెత్తున పరిచి కట్టిన వల, నాలుగు వైపుల నుంచి వాలుగా. మొదలుకు ఒక రేకు బోర్డు కట్టి ఉంది, మరాఠీలో బడి పేరు, ప్రాజెక్టు పేరు. వల కింద నేల చూసి నాకు ముచ్చటేసింది. పక్కనున్న అడవి చెట్ల కింద ఆకులు మోకాలిలోతున ఉంటే, ఇక్కడ అద్దంలా ఊడ్చి ఉంది. చెట్టు మొదలు దగ్గర ఒక ఖాళీ గంప కూడా పెట్టారు.

"అబ్బ, ఎంత శుభ్రంగా ఊడ్చారర్రా!" అన్నాను, నోరారా. "మా పిల్లలు బెంచీ కింద కాగితం కూడా తియ్యరు!"

పల్లవి మొహం మాడిపోయింది. గణేశ్ సారు వైపు చూశాడు. సార్ ఆ గంప వైపు చూస్తూ నిలబడిపోయారు. వలలో నిన్నటి పువ్వు కూడా లేదు, ఎవరో తీసేశారు.

"మేం ఊడ్వలే, మేడం" అంది పల్లవి.

సంగతి అప్పుడు తెలిసింది. ఆ ఊళ్లో ఇప్పచెట్టు ఎవరిదని అడిగితే, ఈ ఏడు దాని కింద ఎవరు ఊడిస్తే వాళ్లది. పువ్వు రాలడం మొదలవగానే ఇంటివాళ్లు చెట్టు కింద ఊడ్చుకుంటారు. ఊడ్చి ఉన్న చెట్టు దగ్గరికి ఇంకొకరు పోరు, పువ్వు వాన కురిసినట్టు పడినా ముట్టరు. ఊడ్వని చెట్టంటే ఇంటివాళ్లు వదిలేసిన చెట్టు. ఎవరైనా ఊడ్చుకోవచ్చు. ఇక్కడ తాళాలు లేవు, కంచెలు లేవు, చీపురే హక్కు.

పిల్లలేమో వల కట్టాం గనక ఊడ్వక్కర్లేదు, తగలబెట్టక్కర్లేదు అని సంబరపడ్డారు. ప్రాజెక్టులో గొప్పతనమే అది కదా! మూడు నెలలుగా నడుం గురించీ, ఇసుక గురించీ, మంట గురించీ ఆలోచించారు. ఊడ్వడం పని మాత్రమే కాదని, ఆ ఊళ్లో పుట్టిన పల్లవికి కూడా తట్టలేదు. తట్టకపోవడం ఆశ్చర్యమేం కాదు. రోజూ చేసే పనిని మనం పట్టించుకోం.

నిన్న పండగని పల్లవి చెట్టు దగ్గరికి రాలేదు. అదే పూట, మంచిరోజని వాళ్ల పక్కింటి లింగయ్య వచ్చి, వల కిందికి దూరి ఊడ్చేసి, తన గంప పెట్టి పోయాడు. నేను మెచ్చుకున్నది ఆయన్ని.

బానయ్య వాకిట్లో

పోషవ్వ ఇంట్లో నులకమంచం మీద కూర్చుని ఉంది. విషయం మాకంటే ముందే ఆమెకు చేరింది. పక్కింటాయన మీద కోపగించుకుంటుందేమో అనుకున్నాను. మనవరాలి మీద విరుచుకుపడింది.

"ఊడ్వక ఎట్ల ఇడ్శిపెట్టినవే? వల గట్టినమన్నరు, నేను ఎల్లకుంట ఇంట్లనే కూసున్న. మా అత్త ఇచ్చిన చెట్టు! లింగనిదేం తప్పున్నది, ఊడ్వని చెట్టు ఊడ్సుకున్నడు. తప్పు మనది!"

పల్లవి ఏడుపు ఆపుకుంటోంది. తప్పు తనదేనన్నారు సార్. పోషవ్వ, "నీది గూడ ఉన్నది తియ్యి సారూ" అని ఆయన వాటా ఆయనకిచ్చింది.

సాయంత్రం అందరం ఊరి పెద్దమనిషి బానయ్య వాకిట్లో చేరాం. నేను పరాయిదాన్ని గనక గోడవారన కూర్చున్నాను. లింగయ్య వచ్చాడు, నలభై ఏళ్ల మనిషి, మాట నిదానం. దబాయిస్తాడేమో అనుకుంటే ఆయనే ఎక్కువ పరేషానుగా ఉన్నాడు.

"పెద్దమ్మ చెట్టు గుంజుకుంటనా నేను? ఆకులు గట్లనే ఉన్నయ్. మీద వల, మొదలుకు బోర్డు. సర్కారు పనేదో పడ్డది, ముసల్ది చాతగాక చెట్టును సర్కారుకు ఇచ్చేసింది అనుకున్న. ఇయ్యాల ఒక చెట్టు పోతది, రేపు ఊరి చెట్లన్ని పోతయ్. ఊరి చెట్టు ఊళ్లెనే ఉండాల్నని ఊడ్సిన."

సమ్మయ్య సార్ తల వంచుకున్నారు. ఆ బోర్డు ఫొటో కోసం కట్టింది. బడి పేరు కనబడాలని.

గణేశ్ ఊరుకోలేదు. లేచి నిలబడి, "పెద్దనాయనా, ఊడ్సినోళ్లకు నేల మీద పడ్డ పువ్వు గదా? వలల పడ్డది నేలను తాకనే లేదు. మల్ల అది లింగయ్య కాకది ఎట్లయితది?" అన్నాడు.

వాకిలంతా నవ్వింది. బానయ్య కూడా నవ్వాడు. "మంచిగ అన్నవ్ రా. వకీలు చదువు చదువు. గని చెట్టు ఏరు నేలల్నే ఉన్నది."

నవ్వులు ఆగాక లింగయ్యే అన్నాడు, "పెద్దమ్మ ఇడ్శిపెట్టలేదంటె నాకేం ఒద్దు. గని ఊరి మాట ఉండాలె."

బానయ్య తేల్చాడు. "పొద్దుగాల పోషవ్వ ఇంటోళ్లు చెట్టు చుట్టు ఊడ్సుకోవాలె. ఊడ్సుకుంటె చెట్టు వాళ్లదే, లింగడు గంప తీస్కపోతడు. ఊడ్వకుంటె లింగనిదే. వల ఉంటె ఉండనియ్యి. గని ఇంటోళ్లే ఊడ్వాలె. బడి ఊడ్వద్దు."

సారుకు అది తగిలింది, నాకూ తగిలింది. తప్పని అనలేను. మేం టీచర్లం మంచి చెయ్యబోయి, చేసిన మంచి మీద పేరు రాసుకుంటాం.

ఆ పూట పోషవ్వ ఇంట్లోనే తిని, రాత్రికి అక్కడే ఉండిపోయాం. జొన్నరొట్టె, పుంటికూర. మేం గోంగూర అంటాం, కానీ ఇంత కారంగా, ఇంత వెల్లుల్లితో మేం చెయ్యం. కోపంగా ఉన్నా ఆమె వడ్డన మాత్రం తగ్గించలేదు. పల్లవి తినకుండా లేవబోతే, "బుక్కెడు తిను. ఆకలికి ఊడ్వరాదు" అంది. అప్పటికి అమ్మాయి మొహం కాస్త తేరుకుంది.

చీపురు

తెల్లవారేసరికి చెట్టు దగ్గర సగం ఊరుంది. సిరొంచ నుంచి పిల్లలు మొదటి బండికే వచ్చేశారు, సార్ ఫోను చేసినట్టున్నారు. పువ్వు టపటపా రాలుతోంది, దాంతో పాటు ఎండుటాకులూ. సార్ ముందు వెళ్లి రేకు బోర్డు విప్పి చంకలో పెట్టుకున్నారు. లింగయ్య తన గంప పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పల్లవి చీపురు పట్టుకుని ముందుకొచ్చింది. పోషవ్వ కర్ర ఊతతో వెనకాలే వచ్చి, చెయ్యి చాచి, ఆ చీపురు తీసేసుకుంది.

"నేనూడుస్త అవ్వా. ఇంటోళ్లు ఎవలైనా ఒకటే అన్నడు గదా పెద్దనాయన."

"వచ్చే ఏడు నువ్వు ఊడ్సుకో. ఈ ఏడు నేను ఇడ్శిపెట్టిన్నని అన్నరు. ఇడ్శిపెట్టలేదని నేనే సూపాలె."

వంగలేదు కదా మరి? పీట తెమ్మంది. చెట్టు మొదట్లో పీట వేసుకుని కూర్చుని, చెయ్యి అందినంత మేర ఊడ్చింది. తర్వాత కూర్చున్న చోటనే పీటను ఇంత జరుపుకుని, మళ్లీ ఊడ్చింది. పిల్లలు పరుగున వచ్చి ఆమె తలకు తగలకుండా వల అంచులు పైకెత్తి పట్టుకున్నారు. ఒక్కరూ చీపురు మీద చెయ్యి వెయ్యలేదు. బడి ఊడ్వొద్దన్న మాట అందరికీ గుర్తుంది. ఆమె జరిగినప్పుడల్లా వాళ్లూ జరిగారు. కొన్ని పువ్వులు ఆమె కొంగు మీద, తెల్లజుట్టు మీద పడ్డాయి. మధ్యలో మోకాలు పట్టేసి ఆగిపోయింది. ఎవరో "చాలు తియ్యవ్వా" అన్నారు. ఆమె వాళ్ల వైపు ఒక చూపు చూసి, పీటను మళ్లీ జరుపుకుంది. చెప్పడానికి సిగ్గెందుకు, కళ్లు తుడుచుకున్నాను.

చెట్టు చుట్టూ తిరిగి, చివరికి లింగయ్య గంప దగ్గరికొచ్చింది. గంప అంచు దాకా ఊడ్చి, చీపురు ఆపింది. లింగయ్య వంగి గంప తీసుకున్నాడు. గంప ఉన్న చోటు కూడా ఊడ్చేసింది.

ఇద్దరు పట్టి లేపితే పోషవ్వ లేచింది. వల దగ్గరికి వచ్చి రెండు చేతులూ చాపింది. వలలో పువ్వు ఆమె నడుం ఎత్తున, తడితడిగా, మీగడరంగులో నిండి ఉంది. దోసిట్లోకి తీసింది. మళ్లీ తీసింది. ఇప్పపువ్వు నిలబడి ఏరడం ఆమె ఎన్నడూ ఎరగదు. నవ్వొచ్చేసింది ఆమెకు.

"లింగా, చూసినవా! నడుం వంచకుంట ఏరిన ముసల్ది ఈ ఊళ్లె నేనే మొదలు!"

లింగయ్య వల చుట్టూ ఒకసారి తిరిగాడు. ముడి పట్టుకు చూశాడు, వెదురు గుంజ కదిపి చూశాడు. తర్వాత ఎవరికీ కాదన్నట్టు, ఎటో చూస్తూ అడిగాడు.

"మా చెట్టుకు ఎప్పుడు గడ్తరే?"

అవ్వ పీట మీద వదిలిన చీపురు తీసుకుని పల్లవి ఆయనకందించింది.

"ముందుగాల నువ్వు ఊడ్సుకో, కాకా. అటెన్క గడ్తం."